అభయ సున్నం

శశి రెండు చేతులతో నా కళ్ళు మూసి, గడప దాటించి, గది మధ్యలో నిలబెట్టి చేతులు తీసేశాడు.

"ఎలా ఉంది?"

ఖాళీ గది. ఒక మూల చుట్టచుట్టిన పరుపు, దాని మీద మా పెళ్ళికి వచ్చిన గోడ గడియారాలు రెండూ. కానీ ఆ గోడలు! అప్పుడే పగలగొట్టిన కొబ్బరిచెక్క లోపలి భాగంలా తెల్లగా, చల్లగా ఉన్నాయి. అరచెయ్యి ఆనిస్తే, లోపల ఏదో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది.

"నేనే వేశాను," అన్నాడు శశి, సున్నం మరకలు పోని మోచేతులు చూపిస్తూ.

"సున్నం వెయ్యడం వచ్చని పెళ్ళిచూపుల్లో చెప్పలేదే?"

"చెబితే మామయ్యగారు ముందు మీ ఇల్లు వేయించుకుని, తర్వాత పిల్లనిచ్చేవారు."

నవ్వలేక చచ్చాను. నాకు ఇక్కడికొచ్చిన దగ్గర్నించీ ప్రతిదానికీ నవ్వే. శిలాపురం విశ్వవిద్యాలయం స్టాఫ్ క్వార్టర్సులో మాది చివరి ఇల్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే తురాయి చెట్టు. కుళాయి తిప్పితే ముందు దగ్గి, తర్వాత తుమ్మి, అప్పుడు గానీ నీళ్ళివ్వదు. వెంటిలేటర్లో ఒక ఉడత మాకంటే ముందే కాపురం పెట్టింది. పాలు పొంగించినప్పుడు పొయ్యి మీది మంట నా పైట అంచుని నాకి వదిలేస్తే, శశి నీళ్ళు చల్లాడు, నేను చప్పట్లు కొట్టాను.

మా అమ్మని వదిలి గట్టిగా వారం ఎప్పుడూ ఉండలేదు నేను. కొత్త ఊళ్ళో, కొత్త మనిషితో మొదటి రాత్రే బెంగతో ఏడ్చేస్తానని మా పెద్దమ్మ కూతుళ్ళు పందెం కాశారు. ఏడవలేదు. పసిపిల్లలా నిద్రపోయాను.

"గోడల మహిమ," అన్నాడు శశి పొద్దున్న కాఫీ తాగుతూ. "నువ్వు బెంగపడకూడదని వేశాను. పద, చూపిస్తాను."

అతని ప్రయోగశాలలో రెండు గాజు పెట్టెలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో తెల్ల ఎలుక. శశి ఒక పాము కుబుసాన్ని రెండు ముక్కలు చేసి చెరో పెట్టెలో వేశాడు. మొదటి పెట్టెలో ఎలుక మూలకి పరిగెత్తి, గాజుని గోళ్ళతో గీకుతూ వణికిపోయింది. రెండో పెట్టె లోపలంతా మా ఇంటి సున్నమే పూసి ఉంది. అందులో ఎలుక కుబుసాన్ని వాసన చూసింది, పళ్ళతో లాగి ఒంటి చుట్టూ సర్దుకుంది, దాని మీదే కళ్ళు మూసుకుని పడుకుంది.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!"

"ఈ కొండ మీద ఒక గుహ ఉంది మంజూ. అక్కడి గబ్బిలాల్ని చేత్తో పట్టుకున్నా ఎగరవు. గోడల మీద పెరిగే తెల్ల నాచు దానికి కారణం. తేమ తగిలితే చాలు, అది ఒక రకం ఊపిరి వదుల్తుంది. పీల్చినవాళ్ళకి కాసేపట్లో భయం పోతుంది. మత్తు లేదు, మరుపు లేదు. మేం దాన్ని సున్నంలో పెంచడం నేర్చుకున్నాం."

"ఒక్క భయమేనా పోయేది?"

"మిగతావన్నీ నీవే. నా మీద ప్రేమ కూడా గోడ వల్లే అనుకున్నావా?"

"దానికి ఇంకో కోటు వెయ్యాల్సి ఉంటుంది."

శశి నవ్వి, తర్వాత నవ్వు తగ్గించి చెప్పాడు. కొన్నేళ్ళ కిందటి దాకా పరీక్షలొచ్చాయంటే హాస్టళ్ళలో వార్డెన్లు నిద్రపోయేవారు కారట. ఫెయిలవుతామన్న భయంతో పిల్లలు ప్రాణాలు తీసుకునేవారు. గదుల్లో ఫ్యాన్లు ఊడదీశారు. డాబా మీదికి తలుపులు మేకులు కొట్టి మూసేశారు. ఏం చేసినా ఆగలేదు. అభయ సున్నం వేశాక ఒక్కరంటే ఒక్కరు అలా పోలేదు. ఫ్యాన్లు మళ్ళీ బిగించారు. మేకులు పీకేశారు.

మా శశి చేసిన పని అది. నాకెంత గర్వంగా అనిపించిందో! ఆ పూట అతనికి ఇష్టమని గుత్తి వంకాయ చేసి, అతని కంటే ఎక్కువ నేనే తిన్నాను.

జూన్లో కొత్త విద్యాసంవత్సరం పనులు మొదలయ్యాయి. ఆ పనులకి పెద్ద, శశి వాళ్ళ ప్రయోగశాల అధిపతి, ప్రొఫెసర్ కోటేశ్వరిగారు. నెరిసిన జుట్టు ముడి, నూలు చీర, మనిషిని చూస్తేనే మంచితనం అనిపిస్తుంది. నన్ను చూడగానే, "ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, గేటు దగ్గర ముగ్గు నీ పూచీ," అన్నారు. సన్నాహాల సమావేశానికి నన్నూ రమ్మన్నారు. ఆ హాలుకి నిరుడే అభయ సున్నం వేశారట. అంతకుముందు అక్కడ సమావేశమంటే బల్లలు గుద్దుకోవడమూ, కుర్చీలు తన్నుకోవడమూనట. ఇప్పుడు అందరూ పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఇంజనీరుగారు చెయ్యాల్సిన పనులు చదివారు. గదుల గోడలు గీకి కొత్త సున్నం, స్వాగత తోరణం, కుర్చీలకి రంగు. అందరూ హుషారుగా తలా ఒకటి తీసుకున్నారు. తర్వాత చదివినవి వేరు. మొదటి బ్లాకులో కరెంటు తీగలు బయటికొచ్చాయి. నీళ్ళ ట్యాంకులకి మూతల్లేవు. హాస్టళ్ళ వెనక గడ్డి కోయించకపోతే పాములు. అమ్మాయిల కొత్త హాస్టలు పక్కనున్న పాత రాతి క్వారీ గుంట చుట్టూ కంచె.

"ఆ గుంటలోనే కదా నిరుడు సాహితి పోయింది," అన్నారు కోటేశ్వరి మేడమ్. "ఈత రాదు పాపం. లోతెంతో చూద్దామని దిగిందట. చక్కగా పాడేది."

"ఔను మేడమ్, చక్కగా పాడేది," అన్నాడు శశి.

"కంచె తర్వాత చూద్దాం. ముందు తోరణం మీద ఏ రంగు గుడ్డ?" అన్నారు మేడమ్. నేను చెయ్యెత్తి, "పసుపు," అన్నాను.

ఆ కొత్త హాస్టల్లో చేరబోయేది మా చెల్లెలు కేతకి. ఇంటర్లో మార్కులు బాగా వచ్చాయి, శిలాపురంలో సీటొచ్చింది. అక్క పక్కనే ఉంటుందని నాన్నని ఒప్పించింది నేనే. కేతకికి నీళ్ళంటే చచ్చేంత భయం. పాలకొల్లులో మా ఇంటి ముందు కాలవ మెట్ల మీద కూడా నా కొంగు పట్టుకుని గానీ నిలబడదు. అందుకే ఈత నేర్చుకోలేదు. ఈ ఊరొచ్చాక ఆ భయం పోతుంది కదా అని నాకు సంబరం.

అమ్మ రోజూ ఫోను చేసేది. "గ్యాసు కట్టావా? వెనక తలుపు గడియ పెట్టావా? పాములున్నాయా అక్కడ? పిల్ల ఉండే హాస్టలుకి ప్రహరీ ఉందా?"

"అమ్మా, నువ్వు ఫోను పెట్టేశాక నేను ఉప్పు డబ్బాకి కూడా భయంతో మూత పెడుతున్నాను."

"నవ్వవే, నవ్వు. ఇంట్లో భయపడేవాళ్ళు ఒకళ్ళైనా ఉండాలి."

స్పీకర్లో విన్న శశీ నేనూ అమ్మ గొంతుని అనుకరిస్తూ ఆ సాయంత్రమంతా నవ్వుకున్నాం.

మా ఉడత అప్పటికి నా అరచేతిలో కూర్చుని వేరుశెనగ పప్పు తినేంత చనువయింది. ఒకరోజు అది వరండాలో తింటుండగా పక్కింటి పిల్లి వచ్చింది. మెల్లగా, ఎదురుగానే వచ్చింది. ఉడత తలెత్తి చూసింది. మళ్ళీ పప్పు కొరికింది. పిల్లి దాన్ని నోట కరిచినప్పుడు కూడా ఉడత చేతుల్లో ఆ పప్పు అలాగే ఉంది. పిల్లి గోడ దూకి వెళ్ళిపోయింది.

"అయ్యో," అనుకున్నాను. లోపలికెళ్ళి ఉప్మాకి నీళ్ళు పెట్టాను.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి కదా. శశి నన్ను రైలెక్కించి, రైలు కదిలాక కూడా కిటికీ పట్టుకుని పరిగెత్తాడు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా వదల్లేదు. చివర్లో పెట్టె మెట్టుకి మోకాలు కొట్టుకుని పడి, లేచి, చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఎంత ప్రేమో అనుకున్నాను.

పాలకొల్లులో మొదటి రోజులు గోరింటాకు, పూతరేకులు, ఇరుగుపొరుగు వాళ్ళ వేళాకోళాలు. తర్వాత నాకేదో అవడం మొదలైంది. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడ్డాను. రోడ్డు దాటబోయి లారీ హారను వినగానే వెనక్కి గెంతాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

ఒక పొద్దున్న పెరట్లో ముగ్గేస్తుంటే మా గోడ మీద పిల్లి నడిచింది. అంతే. ముగ్గుపిండి చేతిలోంచి జారిపోయింది. ఉడత గుర్తొచ్చింది. దాని చేతుల్లో పప్పు గుర్తొచ్చింది. పొయ్యి మంట నా పైట నాకడం గుర్తొచ్చింది, నేను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. శశి రైలు పక్కన పడడం గుర్తొచ్చింది. ఒక్క జానెడు అటు పడి ఉంటే చక్రాల కింద ఉండేవాడు. అక్కడే కూలబడి ఏడ్చాను. పెళ్ళయ్యాక మొదటిసారి అతనికి ఏమైనా అవుతుందేమోనని భయపడ్డాను. అతన్ని అన్నాళ్ళూ సగమే ప్రేమించానని అప్పుడర్థమైంది.

లోపల కేతకి పాడుకుంటూ సూట్‌కేసు సర్దుకుంటోంది. గుంట. కంచె లేని గుంట.

శశికి ఫోను చేశాను.

"కంచె వేశారా?"

"ఏ కంచె? ఓ, అదా. లేదు. నీ ముగ్గుకి ఎన్ని రంగులు తెప్పించానో తెలుసా?"

"శశీ, సున్నం వేశాక హాస్టళ్ళలో ఎంతమంది పోయారు?"

"ఆత్మహత్య ఒక్కటీ లేదు."

"నేనడిగింది అది కాదు."

"ప్రమాదాలా? అవి వేరే. ఒకబ్బాయి కట్లపాముని చేత్తో పట్టుకున్నాడు. ఒకడు ట్యాంకు మీద నడుస్తూ పడ్డాడు. ఒకమ్మాయి లారీ ఆగుతుందిలే అనుకుంది. సాహితి. ఇంకా ఉన్నారు. ఒక్కోటీ ఒక్కో రకం."

"అన్నీ ఒకటే రకం! మీరు పిల్లల్లోంచి తీసేసింది జాగ్రత్తని!"

"అవునా?" అన్నాడు శశి. ఆలోచించాడు. "కావచ్చు మంజూ. బాగా చెప్పావు. భోజనం చేశావా?"

ఆ కంగారు లేని గొంతు విని ఫోను పెట్టేశాను. అమ్మకి చెప్పేశాను. ఏదీ ఓ పట్టాన నమ్మని మా అమ్మ ఇది మాత్రం చప్పున నమ్మింది.

"వెళ్ళి అల్లుడుగారిని బయటికి లాక్కురా. కేతకిని నేను కదలనివ్వను. కానీ ఆషాఢం, గడప మాత్రం దాటకు. బయటే నిలబడి పిలువు."

నేను దిగేసరికి శిలాపురంలో వాన. శశి మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టంతా సున్నం పొడి. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"తడిసిపోతున్నావు, లోపలికి రా!"

"ఆషాఢం. గడప దాటకూడదు. నువ్వే రా."

"మా అమ్మ కూడా లేదిక్కడ! ఎవరు చూస్తారే?"

"రా శశీ. బతిమాలుతున్నాను."

పెళ్ళాం పిలిస్తే రాకపోవడం అతనికి చేతకాదు. చెప్పులు కూడా లేకుండా వచ్చేశాడు. కొండ కింద బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. "ఆషాఢంలో హనీమూన్! మా ఊళ్ళో తెలిస్తే వెలేస్తారు," అని అతను ఒకటే నవ్వు. పైకి వెళ్ళాలన్న ప్రతిసారీ ఏదో వంక పెట్టి ఆపాను. తలనొప్పి అన్నాను, మిర్చిబజ్జీ కావాలన్నాను, అలిగాను.

ఒక పొద్దున్న పాత ఫ్యాను కిర్రుమంటే శశి లేచి కూర్చున్నాడు. దుప్పటి రెండు గుప్పిళ్ళతో పట్టుకుని ఫ్యాను వంకే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట.

"మంజూ," అన్నాడు. "మా ప్రయోగశాలలో మాస్కులు మేకుకి వేలాడుతున్నాయి. అవి పెట్టుకోవడం ఎప్పుడు మానేశానో నాకు తెలీదు. పెట్టుకోవాలంటే భయం ఉండాలి కదా."

నేను అతని వీపు మీద చెయ్యి వేశాను.

"సాహితిని గుంటలోంచి తీసింది నేనే. నా విద్యార్థి. ఒడ్డున పడుకోబెట్టాను. చేతులు కడుక్కున్నాను. మెస్సుకి వెళ్ళి పెరుగన్నం తిన్నాను మంజూ. మారు కూడా వడ్డించుకున్నాను."

చాలాసేపు ఏడ్చాడు. నేను ఊరడించలేదు. ఆ ఏడుపు చూస్తే నాకు ధైర్యం వచ్చింది. అతను తిరిగొచ్చాడు.

మర్నాడు హాస్టళ్ళు తెరుస్తారు. అప్పటికే దూరం ఊళ్ళ పిల్లలు పెట్టెలతో దిగుతున్నారు. మొహాలు కడుక్కుని సరాసరి పరిపాలనా భవనానికి వెళ్ళాం.

"మేడమ్ ఇంజనీరుగారితో ఉన్నారు. కూర్చోండి," అన్నాడు అటెండరు.

బయట కుండపోత. వరండాకీ అదే సున్నం, లోపలి గదికీ అదే సున్నం. గోడలు చెమటలు పట్టినట్టు తడిగా మెరుస్తున్నాయి. తడి కొంగు నా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. శశి జేబురుమాలు కట్టుకున్నాడు.

"ఏం చెప్పాలి? చెప్పు," అన్నాను.

"సున్నం ఆపాలి. కంచె వెయ్యాలి. అప్పటిదాకా పిల్లల్ని రానివ్వకూడదు."

"మళ్ళీ చెప్పు."

"సున్నం ఆపాలి. కంచె వెయ్యాలి. పిల్లల్ని రానివ్వకూడదు."

అటెండరు టీ తెచ్చాడు. అల్లం వేసిన టీ, పొగలు కక్కుతోంది. ముట్టుకోలేదు. ఇంకా పిలవలేదు. "కాసేపట్లో వచ్చేస్తారు," అన్నాడు. చెప్పాల్సింది ఒకరికొకరం అప్పజెప్పుకుంటూనే ఉన్నాం, ఎక్కాల్లాగా. నా చెయ్యి నొప్పెట్టింది. ఆ చెయ్యి తీసి ఈ చెయ్యి పెట్టుకున్నాను. కాసేపటికి చూసుకుంటే ఏ చెయ్యీ లేదు. కొంగు ఒళ్ళో ఉంది. శశి జేబురుమాలుతో బల్ల మీది చెంబు కింద ఒలికిన నీళ్ళు తుడుస్తున్నాడు. టీ చల్లారకముందే తాగేశాం. ఎంత బాగుందో ఆ టీ!

కోటేశ్వరి మేడమ్ తలుపు తీసి, "అయ్యో, ఇద్దరూ ఎంత తడిశారు! ఏమిటి విషయం?" అన్నారు.

"హాస్టళ్ళకి సున్నం వెయ్యొద్దని చెప్పడానికి వచ్చాం మేడమ్," అన్నాడు శశి నవ్వుతూ.

"ఎందుకని?"

"భయం లేకపోతే పిల్లలు చచ్చిపోతున్నారు."

"గుంటకి కంచె కూడా లేదు," అన్నాను నేను.

ఒక్క మాట మర్చిపోలేదు. అన్నీ వరసగా చెప్పాం. మేడమ్ శ్రద్ధగా విన్నారు. ఆవిడ ఎప్పుడూ శ్రద్ధగానే వింటారు.

"నిజమే," అన్నారు చివరికి. "ఆలోచించాల్సిన విషయమే. ఈ ఏడాది గడిచాక చూద్దామా?"

"అలాగే మేడమ్," అన్నాం ఇద్దరం.

బయటికొచ్చేసరికి వాన తగ్గింది. తోరణం మీద పసుపు గుడ్డ తడిసి ఇంకా ముద్దొస్తోంది. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటికి నడిచాం. గడప దగ్గర శశి, "ఆషాఢం!" అని బెదిరించాడు. నేను ఒంటికాలి మీద గెంతి లోపలికి దూకాను.

నేను భయపడ్డానని నాకు గుర్తుంది. ఎందుకో కూడా గుర్తుంది. జ్వరం తగ్గాక జ్వరంలో పలవరించిన మాటలు గుర్తున్నట్టు.

అమ్మకి ఫోను చేశాను. "కేతకిని పంపించేయ్ అమ్మా. ఇక్కడంతా బాగుంది."

"గోడల మధ్య నుంచున్నావా?" అంది అమ్మ.

కానీ కేతకి పక్కనే నిలబడి వింటోంది. "అక్కే రమ్మంటోంది కదా!" అని ఎగిరింది. సీటు పోతుందని నాన్న కేకలేశారట. ఇద్దరి మీదా అమ్మ గెలవలేకపోయింది. అందుకని కేతకితో పాటు తనూ వచ్చేసింది.

ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కదా. అమ్మ మా ఇంట్లో అడుగుపెట్టలేదు. క్వార్టర్స్ చివర రేకుల సైకిల్ స్టాండు ఉంది. దానికి గోడల్లేవు. అక్కడ చాప వేసుకుంది. నేను అన్నం పళ్ళెంలో పట్టుకెళ్తే అక్కడే తినేది. వాన జల్లు కొడుతుంటే సంచి నెత్తిన వేసుకుని కూర్చునేది. అటుగా వెళ్ళేవాళ్ళంతా ఎంతో ఆప్యాయంగా పలకరించేవాళ్ళు. "బాబూ, కంచె ఎప్పుడేస్తారు?" అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగేది. "వేద్దామండీ," అనేవాళ్ళు.

చివరికి అమ్మే మొదలెట్టింది. తోరణానికి వాడగా మిగిలిన సరుగుడు కర్రలు గుంట దగ్గరికి ఈడ్చుకెళ్ళి, రాయితో దిగగొట్టింది. ఎక్కడ సంపాదించిందో పెద్ద నైలాను తాడు చుట్ట తెచ్చింది. ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి కట్టుకుంటూ పోయింది. చేతులు బొబ్బలెక్కాయి. శశి చూసి, "అత్తయ్యగారికి ఎంత ఓపికో," అని మెచ్చుకున్నాడు. అతను నిజంగానే సాయం చెయ్యబోయాడు, ఈలోగా ఎవరో ముగ్గు రంగులు ఎక్కడున్నాయని పిలిచారు.

కేతకి హాస్టల్లో మొదటి రాత్రి పడుకుని లేచి వచ్చి, "అమ్మా, నువ్వు కట్టిన తాడు మీద ఊగొచ్చు తెలుసా!" అంది. అమ్మ దాన్ని చెంప మీద కొట్టింది. తర్వాత గట్టిగా పట్టుకుంది. "ఇంటికి పోదాం పదవే," అంది. కేతకి నవ్వి చెంప తుడుచుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

అమావాస్య వెళ్ళింది. శ్రావణం వచ్చింది. అమ్మకి ఒకటే దగ్గు. చీర ఒంటి మీదే తడిసి ఒంటి మీదే ఆరుతోంది.

"ఇంక అత్తా అల్లుళ్ళ పట్టింపు లేదు కదమ్మా," అన్నాను. "రా. లోపల వెచ్చగా ఉంది."

అమ్మ నా మొహంలోకి చూసింది. ఏదో వెతికినట్టు చూసింది. గుంట వైపు చూసింది. తాడు సగమే అయింది.

"తడి బట్ట మార్చుకుని వచ్చేస్తాను. అంతే," అంది.

గడప ముందు ఆమె కాళ్ళు కడిగాను. బొట్టు పెట్టాను. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చింది. చీర మార్చుకునేటప్పుడు కూడా ఒక చేత్తో పట్టుకునే ఉంది. తల తుడిచాను. మందు వేశాను. కుర్చీలో కూర్చోబెట్టి, చిక్కటి పాలతో కాఫీ కలిపి, ఆవిడకి ఇష్టమైన ఇత్తడి గ్లాసులో పోసి ఇచ్చాను. అమ్మ గ్లాసు వంక చాలాసేపు చూసింది. కాఫీ తాగాలంటే కొంగు తియ్యాలి కదా.

తీసింది.

మర్నాడు అమ్మ బారెడు పొద్దెక్కి లేచింది. నేను పుట్టాక అమ్మ నా తర్వాత లేవడం ఇదే మొదటిసారి.

"ఎంత హాయిగా నిద్రపట్టిందే!" అంది వరండాలో ఒళ్ళు విరుచుకుంటూ. తురాయి చెట్టు చూసి, "ఈ చెట్టు ఇంత అందంగా ఉందని చెప్పలేదేం?" అంది.

కేతకి, ఇంకో ఇద్దరు అమ్మాయిలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని మా ఇంటి ముందు నుంచి పరిగెత్తారు.

"అమ్మా! గుంట నిండింది! లోతెంతో చూసొస్తాం!"

"తొందరగా రండి, ఇడ్లీలు చల్లారిపోతాయి," అంది అమ్మ. వాళ్ళు కనిపించినంత దూరం చెయ్యి ఊపింది.

ఎన్నాళ్ళకో తెల్లగా ఎండ కాసింది. అమ్మ చీరలన్నీ తడిసి ఉన్నాయి. శశి వెళ్ళి కర్రల నుంచి తాడు విప్పుకొచ్చాడు. తురాయి చెట్టు నుంచి కిటికీ ఊచ దాకా కట్టాం, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక గోడ దాకా. చాలా పొడుగు తాడు. పెరడంతా కట్టినా ఇంకా మిగిలింది.